ఆకురాలు కాలపు వన్నెలు

వాడిపోవు వస్తువునందు శోభ యుండదని మనము సాధారణముగా తలంతుము. ఉత్తర అమెరికా తూర్పు భాగమున అక్టోబరు మాసమందు కొండలను చూచినవారి కీ యభిప్రాయము నిలువదు. అచ్చట మేపిల్ మొదలగు వృక్షముల యాకులు రాలుటకు పూర్వము పసుపు, నారింజ, ఎఱుపు వన్నెలను దాల్చును. ఈ కాలమునుండి ఛాయాగ్రాహకులును, వేషాలంకారములు కల్పించువారును నేర్చుకొన్న దేమియో యీ వ్యాసమున సంగ్రహముగా తెలిసికొందము.

1. వన్నె మాఱుటకు కారణము

ఆకునకు పచ్చదనము నిచ్చునది పత్రహరితము. పగటికాలము తగ్గుకొలది చెట్టు ఆకులలోని నత్రజని మొదలగు పోషకములను కొమ్మలలోనికి తీసికొనును, పత్రహరితము నశించును. అప్పుడు తొలినుండియు ఆకునందే మఱుగుపడియున్న పసుపు, నారింజ పదార్థములు బయలుపడును. ఎఱుపు మాత్ర మట్లు దాగియున్నది కాదు. ఆకులో మిగిలిన చక్కెర సాయమున ఆంథోసయనిన్ అను పదార్థము క్రొత్తగా పుట్టుటచే నది కలుగును. తుదకు తొడిమ మొదట నొక పొర యేర్పడి ఆకు రాలును. మన యూళ్లలో బాదముచెట్టు ఆకులు ఎఱ్ఱబడి రాలుట చూచిన బాలురకు ఈ సంగతి సులభముగా బోధపడగలదు.

2. ఛాయాచిత్రము

ఈ వన్నెలను పటమున నిలుపుట చిరకాలము సాధ్యము కాలేదు. తొలినాటి ఛాయాచిత్రపు పలకలు నీలపు వెలుతురునే బాగుగ గ్రహించెడివి, ఎఱుపును గ్రహింపజాలకుండెను. కావున నెఱ్ఱని యాకు పటమున నల్లగా కానవచ్చెడిది. ఫ్రాన్సు దేశమందలి లియోన్ నగరమున నుండిన లూమియేర్ సోదరులు ఆటోక్రోమ్ అను విధానమునకు 1903లో హక్కుపత్రము పొంది, 1907లో ఆ పలకలను విక్రయింప నారంభించిరి. వారి సాధనము మిక్కిలి సామాన్యమైనది: బంగాళాదుంప పిండి! సూక్ష్మమైన పిండిరేణువులను నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులలో ముంచి, కలిపి, గాజుపలకపై పఱచి, సందులను మసిపొడితో పూడ్చి, దానిపై వెలుతురును గ్రహించు లేపనమును పూసిరి. ఈ పలకకు వెలుతురు చాలసేపు తగులవలసియుండెను. కాబట్టి గాలికి కదలిన యాకు పటమున చెదరిపోవుచుండెను. ఓర్పు గలవారికే యది లొంగెను. 1935లో కోడాక్రోమ్ వచ్చిన పిమ్మట రంగుపటములు తీయుట సుకరమయ్యెను.

3. దుంప దీపము, గుమ్మడి దీపము

అక్టోబరు 31వ తేదీ రాత్రిని హాలోవీన్ అందురు. మఱునాడు సకల పరిశుద్ధుల పండుగ యగుటచే నా పేరు వచ్చెను. ఐర్లండునందు శీతకాలారంభమును తెలుపు సావిన్ అను ప్రాచీనోత్సవము నీ సమయముననే జరుగుచుండెను. అచ్చటి జనులు టర్నిప్ దుంపను తొలిచి, వికృతముఖమును చెక్కి, లోపల దీపము నుంచెడివారు. అమెరికాకు వలసపోయినవారు అచ్చటి గుమ్మడికాయ దుంపకంటె పెద్దదియు, చెక్కుటకు సులభమైనదియు నగుట గ్రహించి, దానిని వాడసాగిరి.

ఐర్లండునందు డొనెగాల్ ప్రాంతపు ఫిన్‌టౌన్ గ్రామమునుండి ఒక ఉపాధ్యాయిని యిట్టి దుంప దీపము నొకదానిని 1943లో జాతీయ ప్రదర్శనశాల కిచ్చెను. అది కుళ్లిపోవునదే కదా! కావున దాని రూపము నచ్చుపోసి భద్రపఱచిరి. ఇప్పుడు మేయో ప్రాంతమందలి ప్రదర్శనశాలలో చూపఱులను భయపెట్టుచున్నది ఆ యచ్చే.

4. కాగితపు వేషములు

మసాచుసెట్సు రాష్ట్రమందలి డెన్నిసన్ కంపెనీవారు ముడుతల కాగితమును తయారుచేసి, దానితో హాలోవీన్ వేషములను, గృహాలంకారములను చేయు విధమును బోధించు 'బోగీ బుక్' అను చిన్న పుస్తకమును 1909లో ప్రకటించిరి. పిమ్మట అనేక సంవత్సరము లట్టి పుస్తకములు వెలువడెను. పట్టు కొనలేనివారు సైతము కాగితమును కత్తిరించి, సామాన్యపు గుడ్డపై కుట్టి, ఒక రాత్రికి విచిత్రవేషమును ధరింపగలిగిరి. నారింజ వన్నె పండిన గుమ్మడిని, రాలు నాకును తలపించును. నలుపు దీర్ఘమగుచున్న రాత్రిని తలపించును. అయితే కాగితపు దుస్తులును కొవ్వొత్తియు నొకచోట నుండుట ప్రమాదకరమని మఱువరాదు.

5. సారాంశము

విద్యార్థులారా! రాలు నాకు, పిండిరేణువు, దుంప, కాగితము - ఇవి యన్నియు అల్పమూల్యములే, అల్పకాలము నిలుచునవే. అట్టివానినుండియే మనుష్యుడు రంగుపటమును, దీపమును, వేషమును కల్పించెను. ఫిన్‌టౌన్ ఉపాధ్యాయిని తన కాలమున దానిని ప్రదర్శనశాలకు చేర్చకున్నచో, ఆ దుంపముఖము మన కెన్నడును తెలియకపోయెడిది. మన యూళ్లలో సైతము ఏటేట పుట్టి మాయమగు చేతిపను లెన్నియో కలవు. మీరు చూచిన దానిని చిత్రించి, తేదీతో వ్రాసి యుంచుడు. అది వాడిపోవుటకు పూర్వమే యీ పని చేయవలెను.