దాచిన లింకుల సంగతి

అమ్మలూ,

కాలేజీ రోజుల నుంచి బ్రౌజర్లో దాచుకున్న లింకులన్నీ ఒక్కసారే అబ్సిడియన్ నోట్సు యాప్‌లో పోసేస్తానన్నావు. లింకుల్ని అక్కడికి చేర్చడం మంచి పనే. ఆ ‘ఒక్కసారే’ మాత్రం వద్దు.

ముందు క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కి, మూడు చుక్కల మెనూలోంచి ఎక్స్‌పోర్ట్ చెయ్యి. వచ్చిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడు. మొదటి వరుసలోనే నెట్‌స్కేప్ పేరుంటుంది. ఆ బ్రౌజర్ ఎప్పుడో పోయినా అది పెట్టిన పద్ధతే ఇంకా నడుస్తోంది. ఒక్కో లింకు పక్కన పది అంకెల సంఖ్య ఉంటుంది. 1970 జనవరి 1 నుంచి లెక్కగట్టిన సెకన్లవి. 1600000000 అని ఉంటే ఆ లింకు 2020 సెప్టెంబరు 13న దాచినదన్నమాట. ఎప్పుడు దాచావో తెలిస్తే ఎందుకు దాచావో చాలావరకు గుర్తొస్తుంది. అందుకే ఆ ఫైలును ఎన్నటికీ చెరిపెయ్యకు.

లింకంటే అడ్రసే తప్ప సరుకు కాదమ్మా. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి దొరకకుండా పోయాయని ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్క తేల్చింది. లింకులు దాచుకోవడానికి 2007లో మొదలైన పాకెట్‌నే చూడు. మొజిల్లా దాన్ని 2025 జూలై 8న మూసేసింది. ఎక్స్‌పోర్ట్ చేసుకున్నవాళ్లకు శీర్షికలు, లింకులు, ట్యాగులు దక్కాయి గానీ వ్యాసాలు దక్కలేదు. అబ్సిడియన్‌లో నోట్సు నీ కంప్యూటర్లోనే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి. రేపు ఆ యాప్ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు. నాకు అది నచ్చింది అందుకే.

నీ పరిశోధన కాకతీయుల చెరువుల మీద కాబట్టి ఆ ఫోల్డరుతోనే మొదలుపెట్టు. పాకాల చెరువు మీద వ్యాసం తెరిచావనుకో. అబ్సిడియన్ వాళ్ల వెబ్ క్లిప్పర్‌తో పాఠమంతా నోట్‌లోకి తెచ్చుకుని, పైన నీ మాటల్లో ఒక్క వాక్యం రాయి: ‘తూము పటం బాగుంది, రెండో అధ్యాయంలో రామప్ప చెరువుతో పోల్చడానికి.’ ఆ వాక్యం ఏ యాప్ రాసిపెట్టినా నీకు పనికిరాదు, నువ్వే రాయాలి. రాయడానికి ఏమీ తోచకపోతే ఆ లింకు పాత ఫైల్లోనే ఉండనీ.

పేజీ చచ్చిపోయి ఉంటే ఆ అడ్రసును, పాత పేజీల ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి వెతుకు. అక్కడ దొరికితే ఆ ప్రతి తీసిన తేదీ కూడా నోట్‌లో రాసుకో, నీ గైడ్ తప్పకుండా అడుగుతారు. యూనికోడ్ రాకముందు సొంత ఫాంట్లతో పెట్టిన తెలుగు పేజీలు నిన్ను బాగా ఏడిపిస్తాయి. కాపీ చేస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులొస్తాయి. తెర మీద సరిగా కనిపిస్తుంటే పీడీఎఫ్‌గా దాచి, కావలసిన పేరా నువ్వే టైప్ చేసుకో. విసుగు పుట్టినా ఆ పని మానకు తల్లీ, అలాంటి పేజీలకు మరో ప్రతి దొరకడం కష్టం.

వంటల లింకులు అమ్మకు పంపెయ్. చెరువుల ఫోల్డరు అయ్యాక ఫోన్ చెయ్యి, శాసనాల ఫోల్డరు ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య