దాతల ధనము, క్లౌడు కంప్యూటింగు: ఆరోగ్య సేవాసంస్థల పొదుపు

ధర్మకార్యమునకు ఇచ్చిన రూపాయి ధర్మకార్యమునకే చేరవలెనని ప్రతి దాతయు కోరును. కంటి ఆపరేషనుకై ఇచ్చిన ధనము కన్నునకే చేరవలెను; మందులకై ఇచ్చినది రోగికే చేరవలెను. అయితే ఆరోగ్య సేవ చేయు సంస్థకు వైద్యులును మందులును మాత్రమే చాలవు. ఎవరికి ఏ జబ్బు కలదు, ఏ తేదీన ఏ చికిత్స జరిగినది, మరల ఎప్పుడు పరీక్షింపవలెను, ఏ దాత ఎంత ఇచ్చెను అను వివరములన్నియు భద్రముగా నుండవలెను. నేడు ఈ వివరములు కంప్యూటర్లలో నుండుచున్నవి. ఆ కంప్యూటర్ల వ్యయము కూడ దానధనము నుండియే రావలెను.

ఈ వ్యయమునకు హద్దు కూడ కలదు. విదేశముల నుండి విరాళములు స్వీకరించు సంస్థలు ఆ ధనములో 20 శాతమునకు మించి పరిపాలనా వ్యయమునకు వాడరాదని 2020లో సవరింపబడిన విదేశీ విరాళముల నియంత్రణ చట్టము నిర్దేశించుచున్నది. అంతకు పూర్వము ఈ హద్దు 50 శాతముగా నుండెడిది. కావున కార్యాలయపు ఖర్చులో ప్రతి రూపాయిని లెక్కచూచుకొనవలసిన అవసరము సేవాసంస్థలకు పెరిగినది. ఇందుకు వానికి తోడ్పడుచున్న పద్ధతులలో క్లౌడు కంప్యూటింగు ఒకటి. అది యేమి, దానివలన పొదుపు ఎట్లు కలుగును, ఆ పొదుపు ఎట్లు చేజారిపోవును అను విషయములను పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మంచిది. ఏలయన, శిబిరము పెట్టుటకు స్థలమడుగుచు ఈ సంస్థలు మొదట వచ్చునది పంచాయతీ కార్యాలయమునకే.

క్లౌడు అనగా నేమి?

క్లౌడు అనగా మేఘము. పేరునుబట్టి ఇది ఆకాశమున నుండునని భావింపరాదు. ఇవి నేలమీద, పెద్ద భవనములలో వరుసలుగా నమర్చిన కంప్యూటర్లే. వానికి నిరంతరము విద్యుత్తు, చల్లదనము, కాపలా ఏర్పాటు చేయబడియుండును. వాని స్వంతదారు వేరు, వాడుకొనువారు వేరు. వాడుకొనువారు ఇంటర్నెట్టు ద్వారా తమ పనిని అచ్చట చేయించుకొని, వాడినంతకు అద్దె చెల్లింతురు.

రెండెకరముల రైతు ట్రాక్టరు కొనడు. దుక్కి దున్నవలసిన దినములలో గంటల లెక్కన కిరాయికి తెచ్చుకొనును. మిగిలిన దినములలో దాని మరమ్మతు, డీజిలు, డ్రైవరు జీతము అతనికి పట్టవు. క్లౌడు కంప్యూటింగు కూడ ఇట్టి కిరాయి పద్ధతియే.

ఈ పద్ధతికి ముఖ్య లక్షణములు ఐదని అమెరికా దేశపు జాతీయ ప్రమాణముల సంస్థ 2011లో నిర్వచించినది. వాడుకరి తనకు కావలసినపుడు తానే తీసికొనగలుగుట. ఇంటర్నెట్టు ద్వారా ఎచ్చట నుండియైనను అందుట. ఒకే యంత్ర సముదాయమును అనేకులు పంచుకొనుట. అవసరమునుబట్టి త్వరగా పెంచుకొనుటకును తగ్గించుకొనుటకును వీలుండుట. వాడకమును మీటరు వలె కొలుచుట.

మన పంచాయతీలకు దూరపు యంత్రములతో పనిచేయుట బొత్తిగా కొత్తది కాదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ స్వరాజ్‌లో మనము పద్దులు వ్రాయుచున్నపుడు అవి మన కార్యాలయపు కంప్యూటరులో నిలువయుండవు. దూరమందలి యంత్రములలో నుండును. భారత ప్రభుత్వము తన శాఖల కొరకు 'మేఘరాజ్' అను పేర జాతీయ క్లౌడును 2014లో ప్రారంభించెను. ప్రైవేటు సంస్థల కేంద్రములు కూడ మన దేశమున నెలకొన్నవి. మైక్రోసాఫ్టు 2015లో పుణె, చెన్నై, ముంబయి ప్రాంతములలోను, అమెజాను 2016లో ముంబయిలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను వీనిని ప్రారంభించినవి.

పొదుపు ఎట్లు కలుగును?

ఒక ఉదాహరణము చూతము. ఇందలి అంకెలు విషయము బోధపడుటకై మనము ఊహించుకొన్నవే.

ఒక నేత్ర సేవాసంస్థ 5,00,000 రూపాయలతో స్వంత సర్వరు కొన్నదనుకొందము. అది ఐదేండ్లు పనిచేయును. అనగా ఏటికి 1,00,000 రూపాయలు. విద్యుత్తు, చల్లని గది, బ్యాటరీలకు 60,000. యంత్రమును చూచుకొను పనివానికి 1,20,000. మొత్తము ఏటికి 2,80,000 రూపాయలు. సంస్థకు శిబిరముల కాలము రెండు నెలలు మాత్రమే. ఆ రెండు నెలల రద్దీకి సరిపడునంత పెద్ద యంత్రమును కొని, మిగిలిన పది నెలలు దానిని సగము ఖాళీగా ఉంచవలసి వచ్చును.

అదే సంస్థ క్లౌడు తీసికొన్నచో, పది నెలలు నెలకు 8,000 చొప్పున 80,000. శిబిరముల రెండు నెలలు నెలకు 20,000 చొప్పున 40,000. ఇంటర్నెట్టునకును పర్యవేక్షణకును 60,000. మొత్తము 1,80,000 రూపాయలు. ఏటికి లక్ష మిగిలినది. శుక్లము ఆపరేషను ఒక్కొక్కటికి 2,500 రూపాయలు అగుననుకొన్నచో, ఇది నలువది మందికి చూపు.

పొదుపునకు ఇంకొక మార్గమును కలదు. సేవాసంస్థలకు కొన్ని పెద్ద కంపెనీలు రాయితీలు ఇచ్చుచున్నవి. గూగుల్ తన కార్యాలయ సాధనములను అర్హత గల సేవాసంస్థలకు ఉచితముగా ఇచ్చుచున్నది. మైక్రోసాఫ్టు అర్హులకు ఏటేట కొంత క్లౌడు వాడకమును విరాళముగా ఇచ్చుచున్నది. అయితే రాయితీ శాశ్వతమని నమ్మి లెక్కలు వేసికొనరాదు. అది తగ్గిన నాడు కూడ సంస్థ నడువవలెను.

పొదుపు ఎట్లు చేజారును?

పై ఉదాహరణమునే మరల తీసికొందము. శిబిరములు ముగిసిన పిదప అద్దె యంత్రములను తగ్గించుట ఎవరికిని జ్ఞాపకము లేదనుకొందము. అప్పుడు నెలకు 20,000 చొప్పున పన్నెండు నెలలకు 2,40,000, పర్యవేక్షణకు 60,000, మొత్తము 3,00,000 రూపాయలు. స్వంత యంత్రముకన్న 20,000 ఎక్కువైనది! నలువది మంది చూపు పోయి, పైగా ఎనిమిది మంది ఆపరేషన్ల ఖర్చు వృథా అయినది. పని లేని ట్రాక్టరును పొలములో నిలిపి, కిరాయి చెల్లించుచున్నట్లు ఇది జరుగును.

కనుక పొదుపు క్లౌడులో లేదు. అవసరమునకు తగినంతనే వాడి, పని తీరగానే ఆపుటలో కలదు. ఇందుకై మంచి సంస్థలు ఈ క్రింది నియమములను పాటించుచున్నవి. ప్రతి నెలయు బిల్లును ఒక బాధ్యతగల వ్యక్తి పరిశీలించును. ఖర్చు నిర్ణయించిన మొత్తమునకు చేరువైనపుడు హెచ్చరిక వచ్చునట్లు ఏర్పాటు చేయుదురు. అరుదుగా చూచు పాత చిత్రములను, ఎక్స్-రేలను తక్కువ అద్దె గల నిలువకు మార్చుదురు. వివరములను మరియొక కంపెనీకి తరలింపవలసి వచ్చినచో ఎంత రుసుము అగునో ముందే తెలిసికొందురు. కొన్ని బిల్లులు డాలర్ల లెక్కన వచ్చును. రూపాయి విలువ తగ్గినచో ఖర్చు పెరుగునని గుర్తింతురు.

మన ప్రాంతపు ఒక సంస్థ

దూర గ్రామమునకును నగరపు వైద్యునకును వివరములు వంతెన వలె ఎట్లు పనిచేయునో తెలిసికొనుటకు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థను చూడవచ్చును. డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఈ సంస్థకు చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారు భూమిని, ధనమును దానమిచ్చిరి. ఇది లాభాపేక్ష లేని సంస్థ. దీని సేవలలో సగమునకు పైగా రోగులకు ఉచితముగా అందుచున్నవి.

ఈ సంస్థ నిర్మాణము గోపురము వంటిది. అడుగున గ్రామీణ దృష్టి కేంద్రములు గలవు. సుమారు 50,000 జనాభాకు ఒకటి చొప్పున ఏర్పడిన వీనియందు శిక్షణ పొందిన స్థానిక యువకులు కంటి పరీక్షలు చేసి అద్దములు ఇత్తురు. వానిపైన ఆపరేషన్లు చేయు గ్రామీణ ఆసుపత్రులును, ఆపైన విశాఖపట్టణము, విజయవాడ, భువనేశ్వరములలోని పెద్ద ఆసుపత్రులును, శిఖరమున హైదరాబాదు కేంద్రమును కలవు. గ్రామమున పరీక్షించిన కంటి వివరము రోగికన్న ముందే వైద్యునకు చేరినచో, రోగికి ఒక ప్రయాణమును ఒక దినపు కూలియు మిగులును. ఇందుకై సంస్థ 'ఐస్మార్ట్' అను పేర తన స్వంత వైద్య రికార్డుల పద్ధతిని రూపొందించుకొన్నది. 2016 డిసెంబరులో మైక్రోసాఫ్టుతో కలిసి, పలు దేశముల నేత్ర సంస్థలు పాల్గొను ఒక కూటమిని ప్రకటించి, క్లౌడు ద్వారా కంటి వివరములను పరిశోధించుటకు పూనుకొన్నది.

భద్రత విషయము

పొదుపుతోపాటు రహస్య రక్షణయు ముఖ్యమే. రోగి జబ్బు ఊరందరికిని తెలియవలసినది కాదు.

స్వంత యంత్రమైనంత మాత్రమున భద్రము కాదు. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లపై దుండగులు దాడిచేసి వివరములను తాళమువేసినట్లు బంధించిరి. సుమారు రెండు వారములు పనులు కాగితములపై సాగినవి. దాడికి లోనుగాని వేరొక సర్వరులో ప్రతి ఉండుటచేతనే వివరములు తిరిగి లభించినవి. ఇతరుల యంత్రమైనను భద్రమని చెప్పరాదు. సేవాసంస్థల దాతల జాబితాలను నిలువచేయు బ్లాక్‌బాడ్ అను అమెరికా కంపెనీపై 2020లో ఇట్టి దాడియే జరిగి, పలు దేశముల సంస్థల వివరములు దుండగుల చేజిక్కినవి. 2023లో ఆ కంపెనీ అమెరికా రాష్ట్రములకు 4.95 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది.

వివరములకు వేరొకచోట రెండవ ప్రతి ఉంచుట, రహస్య సంకేతపదములను ఒకరితో ఒకరు పంచుకొనకుండుట, పని మానిన ఉద్యోగి ప్రవేశమును వెంటనే రద్దుచేయుట అను మూడు జాగ్రత్తలును ఉభయపక్షములకును తప్పవు. వ్యక్తుల వివరములను రక్షించుటకు 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టమును చేసినది.

పంచాయతీ సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

శిబిరము పెట్టుటకు పాఠశాలను గాని, సమాజ భవనమును గాని కోరి సేవాసంస్థ వచ్చినపుడు సభ్యులు మర్యాదగా ఈ ప్రశ్నలు వేయవచ్చును.

1. మా గ్రామస్థుల వివరములు ఎచ్చట నిలువయుండును? వానిని ఎవరెవరు చూడగలరు?

2. వివరములు వ్రాసికొనుటకు ముందు రోగికి తెలుగులో చెప్పి సమ్మతి తీసికొందురా?

3. ఇంటర్నెట్టు అందని దినమున ఏమి చేయుదురు? ఫోనులో వ్రాసి, సంకేతము వచ్చినపుడు పంపు ఏర్పాటు కలదా?

4. రోగి చేతికి కాగితపు చీటీ ఇత్తురా?

5. మీ సంస్థ పని మానినచో మా వివరములు ఏమగును?

6. నూరు రూపాయల విరాళములో చికిత్సకు ఎంత, కార్యాలయమునకు ఎంత వెచ్చించితిరి? వార్షిక నివేదికను చూపగలరా?

మంచి సంస్థ ఈ ప్రశ్నలకు నొచ్చుకొనదు. సమాధానములు సిద్ధముగా నుంచుకొనును. సమాధానములను గ్రామసభలో చదివి వినిపించినచో ప్రజలకు నమ్మకము కలుగును. శిబిరమునకు వచ్చువారి సంఖ్యయు పెరుగును.

యంత్రము స్వంతమైనను అద్దెదైనను అది సాధనము మాత్రమే. దాత ఇచ్చిన రూపాయి రోగిని చేరినదా అను లెక్కయే ముఖ్యము. ఆ లెక్కను అడుగు హక్కు దాతకు ఎంత కలదో, సేవ పొందు గ్రామమునకును అంత కలదు. ఆ లెక్కను గ్రామము తరఫున అడుగుట పంచాయతీ సభ్యుల విధి.