కాలేయవ్యాధి – కోలుకొను మార్గము

గ్రామములో ఒకరికి కాలేయము చెడినదని తెలిసినంతనే నలుగురు అనుమాట ఒకటే: "ఇక ఆ మనిషి పని అయిపోయినది." ఈ మాట విని రోగి ధైర్యము కోల్పోవును. ఇంటివారు పొలము తాకట్టు పెట్టి పసరుమందులకై ఊరూరు తిరుగుదురు. కాని పెక్కు సందర్భములలో ఆ మాట నిజము కాదు. కాలేయవ్యాధులను తొలిదశలో గుర్తించినచో చాలవరకు నయము చేయవచ్చును. ముదిరిన వ్యాధిని సైతము అదుపులో ఉంచి, ఏండ్ల తరబడి పనిపాటలు చేసికొనుచు జీవించువారు అనేకులు కలరు. అది ఎట్లు సాధ్యమో ఈ పాఠమున వివరింతుము. పంచాయతీ సభ్యులు దీనిని చదివి గ్రామసభలో పదిమందికి వినిపింతురని మా ఆశ.

కాలేయము చేయు పని

కాలేయము పొట్టకు కుడివైపున, ప్రక్కటెముకల మాటున ఉండును. పెద్దలలో ఇది సుమారు 1.5 కిలోల బరువు తూగును. మనము తిన్న అన్నమునుండి వచ్చిన చక్కెరను నిలువచేసి, అవసరమైనప్పుడు రక్తములోనికి విడుచునది ఇదియే. క్రొవ్వును జీర్ణింపజేయు పైత్యరసమును, రక్తము గడ్డకట్టుటకు వలయు మాంసకృత్తులను ఇదియే తయారుచేయును. సారాయి గాని, మందుబిళ్ల గాని, లోనికి పోయినదానిని విరుగగొట్టు భారము కూడ ముఖ్యముగా దీనిదే.

ఈ అవయవమునకు ఒక అపూర్వశక్తి కలదు. ఆరోగ్యముగానున్న కాలేయములో మూడింట రెండు వంతులు తీసివేసినను, మిగిలిన భాగము తిరిగి పెరుగును. అయితే ఏండ్ల తరబడి ఎడతెగక దెబ్బ తగులుచున్నచో, మెత్తని కండకు మారుగా గట్టి మచ్చలు ఏర్పడును. ఈ స్థితినే వైద్యులు సిర్రోసిస్ అందురు. కావున కోలుకొనుటకు మొదటి సూత్రము, దెబ్బకొట్టుచున్న కారణమును ఆపుట. తొలిదశలో నొప్పి గాని కామెర్లు గాని ఉండకపోవచ్చును. అందుచేత కనిపెట్టుటకు రక్తపరీక్ష, పొట్ట స్కానింగు అవసరము.

మద్యము మానుట

మద్యమువలన చెడిన కాలేయమునకు మానుటను మించిన మందు లేదు. తొలిదశలో మానినచో, పేరుకొన్న క్రొవ్వు కొన్ని వారములలోనే కరిగిపోవును. సిర్రోసిస్ వచ్చినవారు మానినను ఆయుర్దాయము పెరుగును. "కల్లు చలువ చేయును, దానివలన దోషము లేదు" అను మాట నమ్మరాదు. పులిసిన కల్లులోను ఉన్నది మద్యమే. ఒక హెచ్చరిక: చాలకాలము ప్రతిదినము అధికముగా త్రాగినవారు ఒక్కసారిగా ఆపినచో వణకు, మూర్ఛలు, మతిభ్రమణము కలిగి ప్రాణాపాయము రావచ్చును. అట్టివారు వైద్యుని పర్యవేక్షణలో మానవలెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చుచున్న స్త్రీలు ఊరిలో సారాయి అమ్మకమును ఆపించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్ర ప్రదేశములో సారాయి నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో తొలగింపబడెను. చట్టము మారినంతమాత్రమున ఊరి కట్టుబాటు సడలనక్కరలేదు.

క్రొవ్వు పేరుకొనుట

మద్యము ముట్టనివారికి కూడ కాలేయవ్యాధి వచ్చును. నాగలి స్థానమున ట్రాక్టరు, కాలినడకకు మారుగా మోటారు సైకిలు వచ్చినవి, తిండిమాత్రము తగ్గలేదు. మిగులు ఆహారము కాలేయములో క్రొవ్వుగా నిలుచును. పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లను, స్త్రీలకు 80 సెంటీమీటర్లను మించినచో జాగ్రత్తపడవలెను. మధుమేహము ఉన్నవారు మరింత జాగ్రత్తపడవలెను. భారత ప్రభుత్వము 2021లో ఈ వ్యాధిని అసాంక్రామిక వ్యాధుల నివారణ కార్యక్రమమున చేర్చినది.

దీనికి ప్రధాన చికిత్స బరువు తగ్గుట. 80 కిలోల మనిషిని ఉదాహరణముగా తీసికొందము. 4 కిలోలు తగ్గినచో కాలేయములోని క్రొవ్వు తగ్గును. 6 కిలోలు తగ్గినచో వాపు శాంతించును. 8 కిలోలు, అంతకుమించి తగ్గినచో తొలిదశలోని మచ్చలు కూడ కొంతవరకు మాయవచ్చును. పస్తులుండి త్వరపడరాదు, వారమునకు అరకిలో చొప్పున తగ్గిన చాలును. కంచములో అన్నము తగ్గించి, పప్పు, ఆకుకూరలు, కూరగాయలు పెంచవలెను. తీపి పానీయములు, మిఠాయిలు, నూనెలో వేయించిన పిండివంటలు మానవలెను. దినమునకు 30 నిమిషముల వంతున, వారమునకు 5 దినములు చురుకుగా నడువవలెను.

ముదిరిన వ్యాధితో జీవించుట

సిర్రోసిస్ రోగికి పథ్యము పేరిట చప్పిడి గంజి మాత్రమే పోయుట పెద్ద పొరపాటు. అట్టి రోగికి కండలు త్వరగా కరగిపోవును గనుక మాంసకృత్తులు ఎక్కువ కావలెను. వైద్యుడు వేరుగా చెప్పిననే తప్ప పప్పు, పాలు, పెరుగు, గ్రుడ్డు మానరాదు. కొంచెము కొంచెముగా పలుమారులు తినవలెను. రాత్రి పండుకొనబోవుముందు పాలో, రాగిజావయో త్రాగుట మంచిది. మధుమేహము ఉన్నవారు వైద్యుని అడిగి తమ ఆహారమును కుదుర్చుకొనవలెను. పొట్టలో నీరు చేరినచో ఉప్పు దినమునకు ఒక చిన్న చెంచాకు మించరాదు. అనగా ఊరగాయ, అప్పడము, వడియము, ఎండుచేప మానవలెను. ఒంటినొప్పులకు తమంతట తాము మందుల అంగడిలో బిళ్లలు కొని మ్రింగరాదు. వానిలో కొన్ని మూత్రపిండములను చెరచును, రక్తస్రావము కలిగించును.

రక్తము క్రక్కుట, తారువలె నల్లని విరేచనము, మాట తడబడుట, మగత, పగలు నిద్ర రాత్రి మెలకువ, ఇవి కనబడినచో గడియ ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.

కామెర్లు – పసరుమందు

నీటివలన వచ్చు ఎ, ఇ రకముల కామెర్లు సాధారణముగా కొన్ని వారములలో తమంతట తామే తగ్గును. ఆ గొప్పతనము పసరుమందుకు దక్కుచున్నది. కాని పైత్యనాళమునకు అడ్డుపడిన రాయివలనను, బి, సి రకముల హెపటైటిస్ వలనను కూడ కామెర్లు రావచ్చును. పసరుతో కాలము గడపినచో చికిత్సకు అనువైన సమయము దాటిపోవును; కొన్ని పసరులు కాలేయమునే దెబ్బతీయును. గర్భిణికి ఇ రకము కామెర్లు వచ్చినచో ప్రాణాపాయము.

బి, సి రకములు రక్తముద్వారా, శుభ్రము చేయని సూదులద్వారా, ఒకరి క్షురకత్తి మరొకరికి వాడుటద్వారా, లైంగిక సంబంధముద్వారా, తల్లినుండి బిడ్డకు సోకును. కలిసి భోజనము చేసినందున అంటవు. కాన రోగిని వెలివేయరాదు. సి రకమును చాలమందిలో 12 వారములు వాడు బిళ్లలతో నయము చేయవచ్చును. బి రకమునకు టీకా కలదు. పుట్టిన 24 గంటలలోపల బిడ్డకు మొదటి మోతాదు వేయింపవలెను. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ఈ రెండింటికి పరీక్షలు, మందులు ఉచితము.

పంచాయతీ కర్తవ్యము

1955 డిసెంబరులో ఢిల్లీ నగరమున త్రాగునీటిలో మురుగునీరు కలిసి సుమారు 29 వేలమందికి కామెర్లు వచ్చినవి. అంతటి నగరమునకు తప్పని ఆపద చిన్న గ్రామమునకు తప్పునా? కావున సభ్యులు ఈ పనులు చేయింపవలెనని కోరుచున్నాము. పగిలిన నీటిగొట్టములను మురుగుకాలువ ప్రక్కనుండి మార్పింపుడు. బావులలోను ట్యాంకులలోను వేయి లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాముల బ్లీచింగు పొడి చొప్పున కలిపింపుడు. క్షౌరశాలలలో మనిషికొక క్రొత్త బ్లేడు వాడింపుడు. బూజుపట్టిన వేరుసెనగ కాలేయమునకు విషమని రైతులకు చెప్పుడు. ఉదయము నడచుటకు వెలుతురుగల బాట ఒకటి ఏర్పరచుడు. మద్యము మానదలచినవారిని ఎగతాళి చేయక, ఆశా కార్యకర్త సాయముతో ఆసుపత్రికి పంపుడు.

రోగి కోలుకొనుట అతని పట్టుదలపై ఎంత ఆధారపడునో, ఊరివారి ఆదరణపై కూడ అంత ఆధారపడును. పెండ్లిలో "ఒక్క గ్లాసుతో ఏమగును?" అని బలవంతపెట్టువారు పదిమంది ఉన్నచోట ఏ మందును పనిచేయదు. "వద్దు" అన్నవానిని మెచ్చుకొను ఊరిలో కాలేయము తన పని తాను చేసికొనగలదు.