ఆస్టిన్ వెళ్తున్నారా? పిల్లలకు కొన్ని ప్రశ్నలు ఇచ్చి తీసుకెళ్లండి



ఏప్రిల్ వచ్చిందంటే ‘మేడమ్, మేం సమ్మర్‌కి యూఎస్ వెళ్తున్నాం’ అనే పిల్లలు ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. బాబాయి డాలస్‌లోనో, పిన్ని ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్‌లోనో ఉంటారు. తిరిగొచ్చాక ‘ఏం చూశావురా?’ అని అడిగితే చాలామంది చెప్పేది షాపింగ్ మాల్ గురించే. తప్పు వాళ్లది కాదు. ఎందుకు చూడాలో ముందు ఎవరూ చెప్పకపోతే ఏ ఊరైనా మాల్‌లాగే కనిపిస్తుంది. అందుకే ఈ నెల టెక్సస్ రాజధాని ఆస్టిన్ గురించి రాస్తున్నాను. డాలస్ నుంచి కారులో మూడు గంటల పైనే పడుతుంది. వీలైతే రెండు రోజులు పెట్టుకోండి.

మొదట అసెంబ్లీ భవనం. ఇక్కడే ఒక ఇంగ్లిష్ పాఠం ఉంది. రాజధాని నగరాన్నీ కాపిటల్ అంటారు, ఆ భవనాన్నీ కాపిటల్ అంటారు. పలకడం ఒకటే, స్పెల్లింగ్ వేరు. నగరానికి చివర్లో ‘ఏ’ అక్షరం, భవనానికి ‘ఓ’ అక్షరం. భవనం మీద గుండ్రటి డోమ్ ఉంది కాబట్టి గుండ్రటి ‘ఓ’ అని చెప్తే పిల్లలు ఇక మర్చిపోరు. ఎర్ర గ్రానైట్‌తో కట్టిన ఈ భవనం 1888లో పూర్తయింది. ఎత్తు 302 అడుగుల పైనే, అంటే వాషింగ్టన్‌లోని కాపిటల్ కంటే దాదాపు 14 అడుగులు ఎక్కువ. అప్పట్లో ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు, భూమి మాత్రం బోలెడంత ఉంది. కట్టినవాళ్లకు కూలీ కింద 30 లక్షల ఎకరాలు ఇచ్చేసింది! ఏడో తరగతి పిల్లలు దీన్ని చదరపు కిలోమీటర్లలోకి మార్చి చూడాలి. సుమారు 12 వేలు వస్తుంది, మన పాత గుంటూరు జిల్లా కంటే పెద్దది. గ్రానైట్ తవ్వించింది జైలు ఖైదీలతో అన్న సంగతి కూడా పిల్లలకు చెప్పండి, అందమైన భవనం వెనుక అదీ ఉంది.

లోపల డోమ్ కింద నిలబడి పైకి చూస్తే ఒక నక్షత్రం కనిపిస్తుంది. ‘దాని వెడల్పు ఎంత ఉంటుంది?’ అని అడగండి. అరచేయంత అంటారు. నిజానికి 8 అడుగులు. ప్రవేశం, గైడెడ్ టూర్ రెండూ ఉచితం.

పిల్లలకు కాస్త బోర్ కొట్టినా సరే, మీరు తప్పనిసరిగా తీసుకెళ్లాల్సింది యూనివర్సిటీ ఆవరణలోని లిండన్ జాన్సన్ ప్రెసిడెన్షియల్ లైబ్రరీ. పేరు చూసి పుస్తకాల గది అనుకోకండి. అది 1971లో ప్రారంభమైన మ్యూజియం. టికెట్ ఉంది. జాన్సన్ అమెరికాకు 36వ అధ్యక్షుడు. కాలేజీ చదువు మధ్యలో కొటుల్లా అనే చిన్న ఊళ్లో పేద మెక్సికన్ అమెరికన్ పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆకలితో బడికి వచ్చిన ఆ పిల్లల గురించి 1965లో ఓటు హక్కు చట్టం కోసం పార్లమెంటులో మాట్లాడుతూ కూడా గుర్తు చేసుకున్నాడు. టీచర్‌ని కదా, నాకు ఆయన మీద కొంచెం పక్షపాతం. వియత్నాం యుద్ధాన్ని పెంచిందీ ఆయనేనని మ్యూజియంలో చూస్తే ఆ పక్షపాతం కొంత తగ్గుతుంది.

మన కుటుంబాలకు సంబంధించిన విషయం ఒకటి ఇక్కడ ఉంది. 1946 చట్టం ప్రకారం భారతీయులకు ఏడాదికి 100 మందికే వలస అనుమతి. ఏ దేశంలో పుట్టారన్న దాన్ని బట్టి కోటా పెట్టే ఆ పద్ధతిని రద్దు చేసే చట్టం మీద జాన్సన్ 1965 అక్టోబర్ 3న న్యూయార్క్‌లో స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ దగ్గర సంతకం పెట్టాడు. బాబాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడంటే ఆ తలుపు తెరుచుకున్నది అప్పుడే. మీ బాబు ఎవరి ఇంట్లో దిగాడో, వాళ్లు అక్కడికి ఎలా రాగలిగారో ఆ సంవత్సరం చెప్తుంది.

తాతయ్య, అమ్మమ్మ కూడా వెంట ఉంటే ఇంకా మంచిది. 1965, 66లలో మన దేశంలో కరువు. పీఎల్ 480 కింద వచ్చే గోధుమలను జాన్సన్ ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా విడుదల చేసి మన ప్రభుత్వాన్ని ఒత్తిడిలో పెట్టాడు. ‘తాతయ్యా, అమెరికా గోధుమలు గుర్తున్నాయా?’ అని మనవడి చేత అడిగించండి. ఏ గైడూ చెప్పని జవాబు వస్తుంది.

అదే ఆవరణలో హ్యారీ రాన్సమ్ సెంటర్ ఉచితం. 1827 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో నీప్స్ కిటికీలోంచి తీసిన ఫొటో, కెమెరాతో తీసినవాటిలో మనకు మిగిలిన అతి పాతది, ఇక్కడే ఉంది. పక్కనే గూటెన్‌బర్గ్ బైబిల్. అరగంట చాలు.

ఎండ మన మే నెల ఎండలాగే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం బార్టన్ స్ప్రింగ్స్‌కు వెళ్లండి. భూగర్భ జలం ఊరే ఈ ఈతకొలను ఏడాదంతా దాదాపు 68 నుంచి 70 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. సెల్సియస్‌లో ఎంతో పిల్లలు లెక్క కట్టాకే నీళ్లలో దిగాలని షరతు పెట్టండి! (20, 21.) గురువారం సాధారణంగా శుభ్రం చేయడానికి మూసేస్తారు. ముందు రోజే వెబ్‌సైట్ చూసుకోండి.

ఇక సాయంత్రం గబ్బిలాలు. కాంగ్రెస్ అవెన్యూ వంతెనను 1980లో బాగు చేసినప్పుడు అడుగున సన్నని సందులు మిగిలాయి. అందులో గబ్బిలాలు చేరాయి, వేలు కాదు, లక్షలు. ఊరంతా భయపడింది, వాటిని తరిమేయాలని సంతకాలు సేకరించారు. 1986లో మెర్లిన్ టటిల్ అనే శాస్త్రవేత్త తన సంస్థను ఆస్టిన్‌కు మార్చి, ఇవి మనుషుల జోలికి రావని, రాత్రంతా టన్నుల కొద్దీ పురుగులను తింటాయని ఓపికగా చెప్పుకుంటూ వచ్చాడు. నిదానంగా జనం మారారు. ఇప్పుడు 15 లక్షల దాకా ఉన్న ఆ గుంపును చూడ్డానికి దేశదేశాల నుంచి వస్తారు. ఇంట్లోకి గబ్బిలం వస్తే కీడు అనుకునే మనకే కాదు, వాళ్లకూ మొదట అదే భయం. జాషువా గారు తన ‘గబ్బిలం’ కావ్యంలో దాన్నే దూతగా పంపారని పెద్ద పిల్లలకు గుర్తు చేయండి.

జూన్‌లో అక్కడ సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నరకు. గబ్బిలాలు బయటకు వచ్చేది ఆ తర్వాతే, కొన్ని రోజులు ఇంకా ఆలస్యంగా. పిల్లలకు భోజనం ముందే పెట్టేయండి, అరగంట ముందు వంతెన మీద తూర్పు వైపు నిలబడండి. కింద పడిన గబ్బిలం కనిపిస్తే మాత్రం ముట్టుకోనివ్వకండి.