ఒకే వాగు, రెండు పటములు

ఈ నెల పాఠమునకు ఒక చిత్రకారుడు వ్రాసిన రెండు పటములను మీ యెదుట నుంచుచున్నాము. అతని పేరు థామస్ కోల్. 1801లో ఇంగ్లండులో పుట్టి, 1818లో అమెరికా చేరెను. న్యూయార్కు నగరమునకు ఉత్తరమున, హడ్సన్ నదికి పడమట క్యాట్‌స్కిల్ కొండలు గలవు. అతడు 1836 నుండి ఆ కొండల చెంతనే కాపురముండెను.

మొదటి పటము 1837లో ముగిసినది. దానిలో క్యాట్‌స్కిల్ వాగు నిదానముగా పారుచున్నది. గట్లమీద చెట్లు. ఒక తల్లి పూలతో తన బిడ్డయొద్దకు వచ్చుచున్నది. రెండవది 1843 నాటిది. వాగు అదే, కొండలు అవే. అయితే ముందరి చెట్లు మొద్దులైనవి. గొడ్డలి పట్టిన మనుష్యుడొకడు నిలిచి చూచుచున్నాడు. దూరమున రైలుబండి పోవుచున్నది. మా తలంపున రెండవదే గొప్పది. ఆ గొడ్డలివానిని చిత్రకారుడు రాక్షసునిగా వ్రాయలేదు.

1836లో రైలుదారి కొరకు ఆ లోయలో చెట్లు కొట్టిరి. అంతకు ముందే తోళ్లు పదును చేయువారు అడవిలో దిగియుండిరి. మన తాతలు తంగేడు బెరడు వాడినట్లు, వారు హెమ్లాక్ అను చెట్టు బెరడు వాడిరి. బెరడు ఒలుచుకొని, మ్రానులను చాలవరకు అక్కడనే క్రుళ్లనిచ్చిరి. హెమ్లాక్ ఏడాది పొడుగున ఆకు రాల్చక వాగుపై దట్టమైన నీడ వేయును. నీడ పోగా నీరు వేడెక్కును. చల్లని నీట బ్రతుకు ట్రౌటు చేప అక్కడ నిలువజాలదు. వేళ్లు పోగా వానకు మట్టి వాగులోనికి దిగును. ఆ తోళ్లలో అనేకము దక్షిణ అమెరికానుండి ఓడలమీద వచ్చినవి. ఎక్కడి పశువు తోలు, ఎక్కడి వాగు చేప!

1836లో ప్రచురించిన వ్యాసములో కోల్ ఆ దేశపు అడవులను ఏదెనుతో పోల్చెను. ఊళ్లు పెరుగుట తప్పదని ఒప్పుకొనెను గాని, గొడ్డలి దినదినము చేయు పాడునుగూర్చి దుఃఖించెను. ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయము తుదిని చూడుడి. పట్టణమును ముట్టడించు వేళ సహితము పండ్లచెట్లను నరుకరాదు. తక్కిన చెట్లను అవసరమునకు నరుకవచ్చును. అక్కరకు కొట్టుట వేరు, పాడుచేయుట వేరు అను భేదము అక్కడను కలదు.

కోల్ 1848లో మరణించెను. 1885లో న్యూయార్కు రాష్ట్రము చట్టము చేసి, క్యాట్‌స్కిల్ కొండలలోని ప్రభుత్వ భూములను అడవిగానే నిలువ నియమించెను. మొదటి పటము న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియములోను, రెండవది బోస్టను నగర మ్యూజియములోను ఉన్నవి.