విదేశీ పెట్టుబడి: వచ్చేదెంత, నిలిచేదెంత?



విదేశీ పెట్టుబడి అనగానే దేశం అమ్ముడుపోయిందని కొందరంటారు, దరిద్రం తీరిపోయిందని మరికొందరంటారు. రెండూ తొందరపాటు మాటలే. ముందుగా మాటకు అర్థం తెలుసుకుందాం. పరదేశపు సొమ్ము ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది. షేర్లు కొన్న సొమ్ము నచ్చకపోతే మర్నాడే వెళ్ళిపోగలదు. భూమి తీసుకొని, ఫ్యాక్టరీ కట్టి, యాజమాన్యం వహించేది ప్రత్యక్ష పెట్టుబడి. దానిని మూటగట్టుకొని పోవడం అంత తేలిక కాదు. 1991లో మన దగ్గర కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపడే విదేశీ మారకం మిగిలినప్పుడు దీనికి తలుపులు బాగా తెరిచాం.

పెనుకొండ సంగతి చూడండి. వేరుశనగ ఎండిపోతే బెంగుళూరుకు కూలికి పోయే సీమ అది. 2017లో కొరియా వారి కియా కంపెనీ అక్కడి ఎర్రమంచి దగ్గర సుమారు 110 కోట్ల డాలర్లతో కార్ల ఫ్యాక్టరీ పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2019 ఆగస్టులో మొదటి కారు బయటికి వచ్చింది. ఏటా 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. దాని వెంట విడిభాగాలు చేసే కంపెనీలు వచ్చాయి, వాటి వెంట లారీలు, హోటళ్ళు, అద్దె ఇళ్ళు వచ్చాయి. కొరియా వంటల బోర్డులు సైతం వెలిశాయి! ఇక్కడి కార్లు విదేశాలకు పోయి డాలర్లు తెస్తున్నాయి.

ఖర్చు కూడా చూడాలి కదా. భూమి, నీరు, పన్ను రాయితీలు ప్రభుత్వం ఇచ్చిందంటే మనమే ఇచ్చామని అర్థం. ఒక ఫ్యాక్టరీ కోసం రాష్ట్రాలు పోటీపడి రాయితీలు పెంచే కొద్దీ మనకు మిగిలేది తగ్గుతుంది. ఈ వేలంపాట నాకు నచ్చదు.

మరి లాభం ఎక్కడికి పోతుంది? మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరులో 1998 నుండి కార్లు చేస్తున్న హ్యుందాయ్ షేర్లు 2024 అక్టోబరులో మన మార్కెట్టుకు వచ్చాయి. అమ్మింది కొరియాలోని మాతృసంస్థ తన సొంత వాటాను. కనుక సుమారు 27,870 కోట్ల రూపాయలూ దానికే చేరాయి. ఇది మోసం కాదు, విత్తినవాడు పంట కోసుకున్నాడు. అయితే ఈలోగా ఇక్కడ వేలమంది పని నేర్చుకున్నారు, విడిభాగాల పరిశ్రమ వేళ్ళూనింది. ఆ నేర్పు ఓడెక్కి పోదు.

మీ ఇంట ఐటిఐ చదివిన అబ్బాయికో అమ్మాయికో అటువంటి చోట పిలుపు వస్తే సంతోషించండి. కాగితం మాత్రం శ్రద్ధగా చదవండి. దానిమీద ఉన్నది కంపెనీ పేరా, కాంట్రాక్టరు పేరా? పి.ఎఫ్. ఎవరు కడతారు? మెషీను మీద పని నేర్పుతారా, లేక ఏళ్ళ తరబడి పెట్టెలు మోయిస్తారా? పొలం అడిగినవారినైతే, పరిహారంతోపాటు ఇంటికొక ఉద్యోగం అన్న మాటను కాగితం మీద రాసి ఇమ్మనండి.