భుజం ఆపరేషన్‌కు ముందే చేతికి రావాల్సిన కాగితం

జలదంకి నుంచి వైద్యానికి బయలుదేరిన మనిషి మొదట దిగేది కావలిలో. అక్కడ కాదంటే నెల్లూరు. అదీ కాదంటే ఒంగోలో, చెన్నైయో. బస్తాలు మోసి మోసి భుజం దెబ్బతిన్న హమాలీకైనా, బైకు మీద నుంచి పడి చెయ్యి పైకెత్తలేని కుర్రాడికైనా దారి ఇదే. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన సూదులతో ఒక నెల గడుస్తుంది. తర్వాత ఎమ్మారై తీయిస్తారు. ఆ ఫిల్ము చూసి డాక్టరు ‘ఆపరేషన్ చేయాలి’ అంటారు. అప్పుడు ఇంట్లో వాళ్లు అడిగేది ఒకటే: ఎంతవుతుంది?

జవాబు చాలాచోట్ల నోటిమాటగానే వస్తుంది. గట్టిగా అడిగితే చీటీ మీద పెన్నుతో ఒక అంకె, దాని పక్కన ‘ప్యాకేజీ’ అన్న మాట. ఇంకో ఆసుపత్రికి వెళ్తే అలాంటిదే ఇంకో చీటీ. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చున్నా ఏమీ తేలదు. తక్కువ అంకెలో ఏవి కలపలేదో, ఎక్కువ అంకెలో ఏవి కలిపారో ఆ చీటీలు చెప్పవు.

గేదెను కొనేటప్పుడు పళ్లు చూసి, పాలు పితికి, పదిమందిని అడిగే రైతు డాక్టరు ఎదుట కూర్చుంటే నోరు మెదపడు. అడిగితే ఏమనుకుంటారో అన్న బెరుకు. రేపు ఒళ్లు ఆయన చేతుల్లోనే పెట్టాలి కదా అన్న భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. కానీ ఖర్చు ముందుగా చెప్పడం డాక్టరు చేసే ఉపకారం కాదు, ఆయన వృత్తి ధర్మంలోనే ఉన్న బాధ్యత.

భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ఈ సంగతిని సూటిగా చెప్పింది. వైద్యుడు తన ఫీజు ఎంతో చికిత్సకు ముందే చెప్పాలి. ఆపరేషన్ మొదలయ్యాక చెప్పడం కుదరదు. తన గదిలోనూ, తాను వెళ్లి చూసే ఆసుపత్రిలోనూ ఫీజులు, ఇతర చార్జీలు బోర్డు మీద కనబడేలా రాసిపెట్టాలి. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నిషిద్ధం. ఆ మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నియమావళి ప్రకటించి, అదే నెలలో దాన్ని పక్కన పెట్టింది. అందువల్ల 2002 నాటిదే కొనసాగింది. ఫలానా ఆసుపత్రికే వెళ్లమని ఎవరైనా మరీ మరీ చెబుతుంటే, ఈ కమీషన్ నియమం ఒకసారి గుర్తు చేసుకోవాలి.

రెండో అండ వినియోగదారుల రక్షణ చట్టం, 2019. ఇది 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. సేవ నాణ్యతతో పాటు దాని ధర తెలుసుకోవడం కూడా వినియోగదారుడి హక్కేనని ఈ చట్టం చెబుతుంది. తెలిసిన సమాచారాన్ని కావాలని దాచిపెడితే అది సేవాలోపం. బిల్లు ఇవ్వకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి. డబ్బు తీసుకుని చేసే వైద్యం పాత వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి.శాంత కేసులో తేల్చింది. కొత్త చట్టంలో వైద్యం అన్న మాట విడిగా లేదు కాబట్టి వర్తించదన్న వాదన వచ్చింది కానీ, 2022లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆసుపత్రిలో ప్రతి సేవ ధరనూ స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ అందరికీ కనబడేలా పెట్టాలని చెప్పే కేంద్ర నిబంధన 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని స్వీకరించలేదు. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి రాష్ట్ర చట్టం ఉంది. కాబట్టి కేంద్ర నిబంధన చూపించి నెల్లూరు ఆసుపత్రిలో వాదించడం కన్నా, వైద్యుల నియమావళినీ వినియోగదారుల చట్టాన్నీ చూపించడమే మేలు. రిజిస్ట్రేషన్, చార్జీల మీద ఫిర్యాదుంటే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి, డాక్టరు ప్రవర్తన మీదైతే విజయవాడలోని ఏపీ వైద్య మండలికి రాయాలి.

ఆ కేంద్ర నిబంధనే 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కంటి శుక్లం ఆపరేషన్‌కు సర్కారు వైద్యంలో దాదాపు ₹10,000 అవుతుంటే, ప్రైవేటులో ₹30,000 నుంచి ₹1,40,000 దాకా తీసుకుంటున్నారని పిటిషనర్లు చూపించారు. ప్రామాణిక ధరలు ఎందుకు నిర్ణయించలేదని కోర్టు కేంద్రాన్ని నిలదీసింది. శుక్లం ఆపరేషన్ పావుగంట, అరగంట పని. దానికే అంత తేడా ఉంటే, లోపల పెట్టే సామానును బట్టి బిల్లు మారిపోయే భుజం ఆపరేషన్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ధరలు పోల్చే ముందు పోల్చాల్సింది ఇంకోటి ఉంది: ఆపరేషన్ అవసరమా, కాదా? భుజం నొప్పులన్నీ కత్తి దాకా వెళ్లేవి కావు. షుగరు ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించే ‘ఫ్రోజెన్ షోల్డర్’ చాలామందిలో వ్యాయామంతో, కాలంతో సర్దుకుంటుంది. ఎముక ఒరిపిడిని తగ్గించడానికి చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ ఆపరేషన్‌ను బ్రిటన్‌లో ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చి చూశారు. చెప్పుకోదగ్గ అదనపు మేలు కనబడలేదు. ఆ ఫలితాలు 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయ్యాయి. మరుసటి ఏడాదే మరో వైద్య పత్రిక బీఎంజే నిపుణుల బృందం ఆ ఆపరేషన్ వద్దని గట్టిగా సిఫారసు చేసింది. ప్రమాదంలో ఉన్నట్టుండి కండర పట్టీ తెగిన కుర్రాడి విషయం వేరు, అక్కడ ఆలస్యం చేస్తే నష్టం. ఎవరిది ఏ రకమో తేల్చుకోవడానికే రెండో అభిప్రాయం కావాలి. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఇది కూడా ఒక హక్కు. కేంద్ర ఆరోగ్యశాఖ ఆ పత్రాన్ని 2019లో రాష్ట్రాలకు పంపింది. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఎముకల విభాగం ఉంది. ఎమ్మారై ఫిల్మూ రిపోర్టూ పట్టుకుని ఒకరోజు అక్కడ చూపించుకుంటే అయ్యేది బస్సు చార్జీలూ ఒక పూట కూలీ.

ఆపరేషన్ తప్పదని తేలాక ఎస్టిమేటు. ఇది ఒక్క అంకెగా కాక పద్దులవారీగా ఉండాలి. సర్జన్ ఫీజు ఎంత, మత్తు డాక్టరుకు ఎంత, థియేటరుకు ఎంత, గది ఏ రకం, ఎన్ని రోజులు. కీహోల్ పద్ధతిలో ఒకసారి వాడి పారేసే పరికరాలుంటాయి, అవి ప్యాకేజీలో ఉన్నాయా, విడిగా వేస్తారా? ఆపరేషన్ తర్వాత చేతికి వేసే స్లింగ్, కుట్లు తీయడం, మళ్లీ చూపించుకోవడం ఎవరి ఖాతాలో?

అసలు తేడా వచ్చేది యాంకర్ల దగ్గర. తెగిన కండర పట్టీని ఎముకకు కట్టడానికి వాడే చిన్న మేకులు ఇవి. వేలి కొన మీద పట్టేంత ఉంటాయి, తోకలా బలమైన దారాలు వేలాడుతుంటాయి. కొన్ని లోహానివి, కొన్ని ఒంట్లోనే కరిగిపోయేవి. కంపెనీని బట్టి ధర మారుతుంది. ఎన్ని వాడాలన్నది చిరుగు పొడవును బట్టి ఉంటుంది, అది లోపల చూశాకే పూర్తిగా తెలుస్తుంది. కాబట్టి ‘కచ్చితంగా ఎంత’ అని డాక్టరును పట్టుబట్టడం న్యాయం కాదు. ‘రెండు పడితే ఎంత, నాలుగు పడితే ఎంత? ఏ కంపెనీది? ఒక్కోదాని ఎమ్మార్పీ ఎంత?’ అని అడగడం మాత్రం పూర్తిగా న్యాయం. గుండె స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో, మోకీలు ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర కట్టింది. భుజం యాంకర్లకు అప్పుడు అలాంటి కట్టుబాటేదీ పెట్టలేదు. ఉన్నదల్లా పెట్టె మీద అచ్చేసిన ఎమ్మార్పీ. దానికి మించి తీసుకోకూడదు.

ఆ పెట్టె లోపల మరో చిన్న సంగతి. ప్రతి యాంకరుతో పాటు కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు, గడువు తేదీ ఉన్న స్టిక్కరు వస్తుంది. దాన్ని ఒలిచి కేస్ షీటులో అంటిస్తారు. డిశ్చార్జి రోజు ఆ పేజీ జిరాక్సు అడిగి తీసుకోవాలి. బిల్లులో నాలుగు యాంకర్లుంటే స్టిక్కర్లూ నాలుగు ఉండాలి. కేస్ షీటు అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నియమావళిలోనే ఉంది.

మందుల దుకాణం ఇంకో పద్దు. 2018లో జాతీయ ఔషధ ధరల సంస్థ ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తీసి చూస్తే, కొన్ని సామాన్ల మీద లాభం 1,737 శాతం దాకా తేలింది. ఆసుపత్రి దుకాణంలోనే కొనమని ఒత్తిడి చేయడంపై వేసిన సిద్ధార్థ దాల్మియా కేసులో 2025 మార్చి 4న సుప్రీంకోర్టు, ఇలాంటి దోపిడీని అరికట్టే విధానం ఆలోచించాల్సింది రాష్ట్రాలేనని చెప్పింది. మందులు, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు రోగుల హక్కుల పత్రంలో ఉంది. చేరకముందే ఈ మాట మాట్లాడుకుంటే నయం, చేరాక గొంతు పెగలదు.

సంతకం దగ్గరా ఆగి చూడాలి. హైదరాబాదు నిమ్స్‌లో 1990లో జరిగిన ఒక ఆపరేషన్ ఇందుకు ఉదాహరణ. ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలో గడ్డ ఉంది. అంగీకారం తీసుకుంది పరీక్ష కోసం ముక్క తీయడానికి. చేసింది గడ్డ మొత్తం తొలగించడం. ఆ కుర్రాడికి నడుము కింది భాగం చచ్చుబడింది. ఆయన తన కేసు తానే వాదించుకున్నాడు. 2009 మే నెలలో సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇప్పించింది. అంతకు ముందు ఏడాదే సమీరా కోహ్లీ కేసులో, చికిత్స స్వభావం, లాభం, ముప్పు, ఇతర మార్గాలు వివరించాకే అంగీకారం చెల్లుతుందని అదే కోర్టు చెప్పింది. కీహోల్ అని చెప్పి లోపల పరిస్థితి చూసి పెద్ద కోత పెట్టాల్సి వస్తే ఏం చేస్తారు, ఖర్చెంత పెరుగుతుంది అన్నవి ఆ కాగితం మీదే ఉండాలని అడగొచ్చు.

ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చేయించుకోవాలనుకునే వారు ఒక జాగ్రత్త పడాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏటా ₹25 లక్షల దాకా చికిత్సకు రక్షణ ఉంది. అన్ని భుజం ఆపరేషన్లూ జాబితాలో ఉంటాయని అనుకోకూడదు. నగదు కట్టకముందే ఆసుపత్రిలోని పథకం కౌంటరులో అడగాలి, లేదా 104కు ఫోన్ చేయాలి. ముందస్తు అనుమతి రావాల్సింది ఆపరేషన్‌కు ముందే. పథకం కింద చేర్చుకున్నాక రోగి దగ్గర పైసలు తీసుకోకూడదు.

ప్రైవేటు బీమా ఉన్నవాళ్లు గది అద్దె పరిమితి చూసుకోవాలి. పాలసీలో రోజుకు ₹4,000 ఉండగా ₹8,000 గదిలో చేరితే, నష్టం అద్దె తేడాతో ఆగదు. అలాంటి షరతున్న పాలసీల్లో డాక్టరు ఫీజు, థియేటరు చార్జీలు కూడా సగానికి సగం కోస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద మాత్రం ఈ కోత పెట్టకూడదని బీమా నియంత్రణ సంస్థ 2020లో చెప్పింది. డిశ్చార్జి అయ్యేటప్పుడు బీమా అనుమతి మూడు గంటల్లో రావాలి. ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే, ఆ ఖర్చు బీమా కంపెనీదేనన్నది 2024 మే నాటి ఆదేశం.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు తెలిసిన పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. బీమా లేని రోగికి 2022 జనవరి నుంచి అక్కడ రాతపూర్వక అంచనా ఇవ్వాలి. బిల్లు దానికన్నా 400 డాలర్లు మించితే వివాదం లేవనెత్తవచ్చు. అంచనాకు బిల్లు ఎంత దగ్గరగా ఉండాలో అంకె వేసి చెప్పే అలాంటి చట్టం మన రాష్ట్రానికి రావాలి. అడగాల్సింది మన శాసనసభ్యులనే.

ఎస్టిమేటు కన్నా బిల్లు బాగా పెరిగి, కారణం చెప్పకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఆపరేషన్ చెన్నైలో జరిగినా, జలదంకిలో కాపురం ఉన్న మనిషి నెల్లూరు జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. కట్టిన మొత్తం ₹5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోగా వేయాలి. లాయరు తప్పనిసరి కాదు. వైద్యంలో తప్పు జరిగిందంటే ప్రతిసారీ నిపుణుడి సాక్ష్యం తేవాల్సిన పని లేదని 2010 మార్చిలో సుప్రీంకోర్టు హైదరాబాదుకే చెందిన ఇంకో కేసులో చెప్పింది. మలేరియా జ్వరానికి టైఫాయిడ్ వైద్యం చేసిన ఆసుపత్రి మీద ఒక భర్త పోరాడి గెలిచిన కేసు అది. కోర్టు మెట్లెక్కకుండా తేల్చుకోవాలంటే శాశ్వత లోక్ అదాలత్ ఉంది, ఆసుపత్రి సేవలు దాని పరిధిలోనివే. అర్జీ రాసిపెట్టే దిక్కు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఫోన్ నంబరు 15100.